వాన పడిన తొమ్మిదో రోజు: మన్యం కాఫీ పూత కథ

కాస్త పెద్ద పోస్టే. తీరిక చూసుకుని చదవండి.

సీతమ్మధార రైతుబజారుకి కూరగాయలు తీసుకెళ్ళే మనవాళ్ళకి ఈ ప్రశ్న అలవాటే. వంకాయలు ఏరుకుంటూనే అడుగుతారు, "బాబూ, అరకులో పూలు పూసేశాయా? ఈ ఆదివారం వెళ్తే ఉంటాయా?" అని. మనం మైదానం రైతులం, అరకు మన ఊరు కాదు. అయినా తూకం పట్టినోడికి పూత సంగతి కూడా తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలైంది దళారీ లేకుండా రైతూ, కొనేవాళ్ళూ ఎదురెదురుగా నిలబడాలనే కదా. అలా నిలబడ్డాక ధర ఒక్కటే అడిగి ఊరుకోరు మరి.

అయితే వాళ్ళు అడిగేది వలిసె పూల గురించి. అవి పూసేది కార్తీకం, మార్గశిరాల్లో. వసంతంలో మన్యం పూసే పూత వేరే ఉంది. దాని గురించి అడిగినవాళ్ళని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. అది కాఫీ పూత. ఫాల్గుణ, చైత్రాల్లో ఒక రోజు పొద్దున్నే కొండ వాలంతా తెల్లబడి, మూడో రోజుకి గోధుమరంగు తిరిగిపోతుంది. ఆ మూడు రోజులు ఏవో కేలండర్ చూస్తే తెలీదు. ఎలా తెలుస్తుందో, అసలు ఆ తోట అక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలనే ఈ పోస్టు.

ముందు వలిసెల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కొన్ని ఊళ్ళలో వెర్రినువ్వులు అంటారు. నూనెగింజ పంట. దాని పుట్టిల్లు ఆఫ్రికాలోని ఇథియోపియా. వర్షాకాలంలో చల్లితే, పగలు పొట్టిపడి రాత్రి పెరిగే రోజుల్లో పూతకొస్తుంది. తన పుప్పొడి తనకే పనికిరాని మొక్క అది. తేనెటీగ ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి మోసుకెళ్తే గానీ గింజ కట్టదు. పట్నం జనం కార్లు ఆపి, చేలో దిగి, ఫోటోలు తీసుకుంటుంటే ఈగ ఎక్కడ వాలుతుంది? తొక్కిన మొక్క లేస్తుందా? అందుకే అక్కడి రైతులు చేలో దిగినందుకు మనిషికి ఇంత అని తీసుకోవడం మొదలుపెట్టారు. దాన్ని తప్పుపట్టేవాళ్ళని నేను చూశాను. మన టమాటా మడిలో ఎవరైనా దిగి నిలబడితే మనం ఏం చేస్తామో ఒకసారి తలుచుకోండి, చాలు.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. ఇవాళ అరకు వెళ్ళినవాళ్ళంతా టిక్కెట్టు కొని చూసే పద్మాపురం పూలతోట, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైంది. కూరగాయల తోట పూలతోట అయింది. నూనెగింజల చేను చూడబోతే పూలతోటలా ఉంది. పట్నం కళ్ళకి రెండూ ఒకటే. మనకి కాదు.

ఇక కాఫీ. ఇది కూడా ఇథియోపియా నుంచి వచ్చిందే. వలిసె, కాఫీ రెండూ ఒకే దేశం నుంచి బయల్దేరి, సముద్రాలు దాటి, మన మన్యంలో ఒకే కొండ మీద కలుసుకున్నాయి. కాఫీ పూవు చూస్తే మల్లె అనుకుంటారు. అదే తెలుపు, కాస్త అలాంటి వాసనే. మనమే కాదు, 1713లో ఆంత్వాన్ ద జుస్యూ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త కూడా దీన్ని అరేబియా మల్లె అని మల్లె కుటుంబంలోనే రాసేశాడు. తర్వాత లిన్నేయస్ దాన్ని విడదీసి కాఫీకి వేరే పేరు పెట్టాడు. నిజానికి ఇది మన పెరట్లో ఉండే నూరువరహాల చెట్టుకి చుట్టం.

మన దేశంలో దీని కథ బాబా బుడన్‌తో మొదలవుతుందని చెప్తారు. పదిహేడో శతాబ్దంలో మక్కా యాత్ర నుంచి వస్తూ యెమెన్‌లో ఏడు గింజలు దాచుకుని తెచ్చి చిక్‌మగళూరు కొండల్లో నాటాడని. ఏడో, డెబ్భయ్యో మనకెందుకు. ఆయన పేరుతో కొండ ఉంది, తోటలు ఉన్నాయి. తెలుగు నేల మీద మాత్రం 1898లో బ్రాడీ అనే ఇంగ్లీషు అధికారి తూర్పుగోదావరి మన్యంలో, పాములేరు లోయలో మొదట నాటించాడని కాఫీ చరిత్ర రాసినవాళ్ళు చెప్తారు. అక్కడ నుంచి గూడెం కొండలకీ, తర్వాత ఉత్తరానికి అనంతగిరి, అరకు వైపుకీ పాకింది.

ఆ కొండల్లో అప్పటికే ఏం జరుగుతోందో తెలిస్తేనే కాఫీ పూత ఎవరిదో అర్థమవుతుంది. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అంతకుముందు కొండ మనిషి వాలు మీద పొదలు నరికి, కాల్చి, ఆ బూడిదలో సామలు, కొర్రలు, కందులు చల్లుకునేవాడు. రెండు మూడేళ్ళకి ఆ చోటు వదిలి ఇంకో చోటికి పోయేవాడు. అదే పోడు. చట్టం వచ్చాక అడవి సర్కారుదైపోయింది. పోడు నేరమైంది. వంటచెరకుకీ, పశువుల మేతకీ కూడా అనుమతి కావాల్సి వచ్చింది. దాని మీద వెట్టిచాకిరీ. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఘాట్ రోడ్డు పనులకి కూలి సరిగా ఇవ్వకుండా జనాన్ని పీడించిన కథ మీరు వినే ఉంటారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మొదట దాడి చేసింది చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద. తర్వాత కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి.

దేశానికి స్వతంత్రం వచ్చాక, 1950లు, 60ల్లో, అదే రిజర్వు అడవిలో కింద పొదలు తీయించి అటవీ శాఖ కాఫీ నాటించింది. కొండకి అవతల కోరాపుట్‌లో ఒడిశా ప్రభుత్వం మాచ్‌ఖండ్ జలాశయంలోకి మట్టి కొట్టుకురాకుండా ఉండడానికి భూసంరక్షణ పేరుతో కాఫీ వేసింది. కారణం మంచిదే. చెట్టు నీడన పెరిగే పంట కాబట్టి కొండకి గుడ్డ కప్పినట్టు ఉంటుంది, వానకి మట్టి జారదు. ఇటువైపు కూడా అదే ఆలోచన, దానికి తోడు పోడు మాన్పించాలనే ఉద్దేశం. కానీ ఒకటి గమనించండి. పోడు కోసం పొద నరికితే కేసు. అదే అడవిలో సర్కారు కాఫీ కోసం నరికితే అభివృద్ధి. నరికిన చేతులు మాత్రం రెండుచోట్లా ఆ గిరిజనుడివే. మొదటిచోట తన తిండి కోసం, రెండోచోట కూలి కోసం. ఆ తోటలు 1985లో అటవీ అభివృద్ధి సంస్థ చేతికి వెళ్ళాయి.

నేను కాఫీ వేయడం తప్పు అనడం లేదు. తర్వాత జరిగింది చూస్తే అది తప్పు కాదని కూడా తెలుస్తుంది. గిరిజన సహకార సంస్థ, మన జీసీసీ, 1956లో పుట్టింది. విశాఖపట్నమే దాని కేంద్రం. చింతపండు, తేనె, చీపుళ్ళు కొన్నట్టే కాఫీ కూడా చేతికి తీసుకుంది. పాడేరు ఐటీడీఏ వచ్చాక గిరిజనుడి సొంత భూమిలోనే, ఎకరం, రెండెకరాల్లో మొక్కలిచ్చి నాటించడం మొదలైంది. నీడకి సిల్వర్ ఓక్, ఆ చెట్టుకి మిరియాల పాదు, కింద కాఫీ. ఇవాళ అనంతగిరి ఘాట్‌లో మీరు చూసే దృశ్యం అదే. చింతపల్లి దగ్గర ఆర్‌.వి.నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం ఉంది. వందేళ్ళ కింద ఏ చింతపల్లిలో స్టేషన్ మీద దాడి చేశారో, ఆ పక్కనే గిరిజన రైతు కాఫీ మొక్కకి పురుగు పడితే సలహా అడిగే చోటు ఉంది.

2017లో అరకు పేరుతోనే పారిస్‌లో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరు ఇంకెక్కడి గింజకీ పెట్టడానికి లేదు. పోడు దొంగ అని పిలిపించుకున్నవాళ్ళ మనవలు ఇవాళ ఆ పేరుకి హక్కుదారులు. నాకు ఈ మొత్తం చరిత్రలో నచ్చిన ముక్క ఇదే.

ఇప్పుడు పూత లెక్క. రైతులు కాబట్టి మీకు వివరంగా చెప్తాను. పట్నం వాళ్ళకి చెప్పేటప్పుడు మీరు కుదించుకోండి.

వర్షాకాలం అయిపోయి పగళ్ళు పొట్టి అయ్యే రోజుల్లో కాఫీ కొమ్మ కణుపుల దగ్గర మొగ్గ పుడుతుంది. కొంచెం పెరిగి, ఆగిపోతుంది. పుష్యం, మాఘం అంతా అది నిద్రలోనే ఉంటుంది. ఆ ఎండు కాలం దానికి కావాలి. మనం మామిడికి పూత ముందు నీళ్ళు ఆపుతాం చూడండి, అలాంటిదే. నేల ఎండి, మొక్కకి దాహం పట్టి ఉన్నప్పుడు, ఫిబ్రవరి ఆఖరు నుంచి ఏప్రిల్ లోపు సాయంత్రం పూట ఉరుములతో ఒక వాన పడాలి. చిలకరింపు చాలదు. అంగుళం, అంగుళంన్నర పడాలి. ఆ వానతో మొగ్గ ఉలిక్కిపడి లేస్తుంది. అక్కడ నుంచి లెక్క. అరబికాకి ఎనిమిది నుంచి పది రోజులు. మన మన్యంలో ఎక్కువ శాతం అరబికానే. తొమ్మిదో రోజు తెల్లారేసరికి కొమ్మ పొడుగునా, కణుపు కణుపుకీ గుత్తులు విచ్చుకుంటాయి. ఆకు కనిపించనంత పూత. మర్నాడు కూడా బాగుంటుంది. మూడో రోజుకి వాడిపోతుంది.

వాన చాలకపోతే? మొగ్గ సగం విచ్చుకుని, నక్షత్రంలా గిడసబారి ఆగిపోతుంది. అది కాయ కట్టదు. పూసిన రోజే మళ్ళీ గట్టి వాన పడితే పుప్పొడి కొట్టుకుపోతుంది. అదీ నష్టమే. పూత అయిన రెండు మూడు వారాలకి ఇంకో జల్లు పడాలి, లేకపోతే పిందె నిలవదు. అంటే వాన రావాలి, ఆగాలి, మళ్ళీ రావాలి. దిగువన కర్ణాటకలో పెద్ద ఎస్టేట్ల వాళ్ళకి స్ప్రింక్లర్లు ఉంటాయి, వాన రాకపోతే మోటారు వేస్తారు. మన్యంలో ఎకరం తోట ఉన్న రైతుకి కొండ వాలు మీద మోటారు ఎక్కడిది? ఆయన మబ్బు వైపు చూస్తాడు, అంతే. మనం నారుమడి వేసి చూసినట్టు.

అందుకే, "పూలు ఎప్పుడు పూస్తాయి" అని పట్నం మనిషి అడిగే ప్రశ్నా, "ఈ ఏడు నాకు పంట ఉందా" అని కొండ రైతు వేసుకునే ప్రశ్నా ఒకటే ప్రశ్న. ఒకరికి అది ఆదివారం. ఇంకొకరికి అది ఏడాది. ఆ పూత కాయై, పండి ఎర్రబడేసరికి నవంబరు వస్తుంది. జనవరి, ఫిబ్రవరి దాకా ఏరుతారు. అయిదారు కిలోల పండు ఏరితే గానీ కిలో గింజ రాదు. పూసిన కొమ్మ విరిచి తల్లో పెట్టుకున్నా, కారు అద్దానికి గుచ్చుకున్నా, విరిచింది ఆ పండునే.

ఇంకో సంగతి. ఎండాకాలం ఉరుముల వాన మన దగ్గర ఎలా పడుతుందో తెలుసుగా. ఈ ఊళ్ళో దంచుతుంది, కాలవ అవతల చుక్క ఉండదు. కొండల్లో ఇంకా అన్యాయం. అనంతగిరిలో పడితే అరకులో పడినట్టు కాదు, అరకులో పడితే పాడేరులో పడినట్టు కాదు. కాబట్టి మన్యం అంతా ఒకే రోజు పూయదు. ఒకే తోట కూడా రెండు మూడు విడతలుగా పూయొచ్చు. అందుకే పండు ఏరడం కూడా విడతలుగా సాగుతుంది. మార్చిలో ఒక కొండ తెల్లగా ఉంటే పక్క కొండ పచ్చగా ఉంటుంది. చూడ్డానికి వెళ్ళినవాళ్ళు ఒక చోట పోగొట్టుకున్నా ఇంకో చోట దొరుకుతుందన్న ఆశ అందులోనే ఉంది.

ఈ మన్యానికి పట్నం జనం ఇంతగా వెళ్ళడానికి కారణం రైలు. ఆ రైలు పూల కోసం వేసింది కాదు. 1960ల్లో బస్తర్ బైలడిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపి జపాన్‌కి ఎగుమతి చేయడానికి కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. సొరంగాలు తవ్వి, వంతెనలు కట్టి, సముద్రమట్టం నుంచి దగ్గర దగ్గర వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న సిమిలిగుడ మీదుగా తీసుకెళ్ళారు. ఖనిజం బండ్ల మధ్య ఒక ప్యాసింజరు నడిపారు, దాన్లో జనం ఎక్కారు. 2017లో అద్దాల పెట్టె కూడా తగిలించారు. రేవు కోసం వేసిన పట్టాల మీద పూల యాత్ర.

ఆ ఖనిజం కొన్న జపాన్‌లో పూలు చూడడం అంటే దేశం దేశమంతా కదులుతుంది. చెర్రీ పూలు. క్యోటో నగరంలో చెర్రీ ఏ రోజు నిండుగా పూసిందో రాజులు, జమీందార్లు, సన్యాసులు తమ దినచర్య పుస్తకాల్లో రాసుకుంటూ వచ్చారు. ఆ తేదీలన్నీ ఏరి కూర్చితే క్రీ.శ. 812 నుంచి లెక్క దొరికింది. పన్నెండు వందల ఏళ్ళ పూత తేదీలు! 2021లో మార్చి 26న పూసేసింది. అంత లెక్కలో అప్పటిదాకా అంత తొందరగా ఎప్పుడూ పూయలేదు, అంతకుముందు రికార్డు 1409లో మార్చి 27. వాళ్ళెవరూ వాతావరణ శాస్త్రం కోసం రాయలేదు. విందు ఏ రోజు చేసుకున్నామో రాసుకున్నారు. ఇవాళ భూమి ఎంత వేడెక్కిందో చెప్పడానికి అది సాక్ష్యంగా నిలబడింది.

కాశ్మీర్‌లో ఇంకో పద్ధతి. శ్రీనగర్ తులిప్ తోట మార్చి ఆఖర్లో తెరుస్తారు. అక్కడ ముందు పూసేవి, మధ్యలో పూసేవి, ఆఖర్న పూసేవి అని రకాలు కలిపి నాటతారు. ఒకటి వాడేసరికి ఇంకొకటి విచ్చుకుంటుంది, చూసేవాళ్ళకి మూడు నాలుగు వారాలు దొరుకుతుంది. మనిషి చేతిలో ఉన్న తోట అది. కాఫీ తోట అలా కాదు. అది వాన చేతిలో ఉంది.

మన మన్యంలో కూడా కాలాన్ని పంటతో కొలిచే పద్ధతి ఉంది, రాసుకోలేదు గానీ. మామిడి కొత్త, కొర్ర కొత్త, చిక్కుడు కొత్త అని పండగలు. ఆ పండగ చేసి దేవుడికి పెట్టేదాకా కొత్త పంట నోట పెట్టరు. చైత్రంలో ఇటుకల పండగ. ఊరి పెద్దలు రోజు ఖాయం చేస్తారు, ఒక ఊరికీ ఇంకో ఊరికీ తేడా రావచ్చు. వినడానికి ఎవరికి వాళ్ళే అన్నట్టు ఉంటుంది, కానీ ఆలోచిస్తే కాయ తయారైన రోజే పండగ. ఆ పద్ధతిలో పచ్చి కాయ కోసే తొందర ఉండదు. మనం మామిడి మార్కెట్టు కోసం లేతకాయ దింపి మసాలా పెట్టి మాగేయడం మొదలుపెట్టాక, వాళ్ళ పండగ విలువ నాకు ఇంకొంచెం ఎక్కువ కనిపిస్తోంది.

అయితే కాఫీ పూతకి పండగ లేదు. పైనుంచి వచ్చిన పంట, మూడు నాలుగు తరాల వయసుది. దాని పూత తేదీలు ఊరి జ్ఞాపకంలో ఇంకా కుదురుకోలేదు. మన్యంలో చుట్టాలో స్నేహితులో కాఫీ రైతులు ఉంటే వాళ్ళకి చెప్పండి. ఇంట్లో గోడ కేలండర్ ఉంటుంది కదా, జీతాల లెక్కా పాల లెక్కా రాసే గళ్ళు, వాటిలో వాన పడిన రోజు ఒక గీత, పూసిన రోజు ఒక సున్నా పెట్టమనండి. పదేళ్ళు పెడితే క్యోటో సన్యాసుల పని మన కొండ మీద మొదలైనట్టే. బ్యాంకు వాడైనా, బీమా వాడైనా, పూత దెబ్బతిందంటే నమ్మడానికి కాగితం అడుగుతాడు. ఆ కేలండరు చూపించొచ్చు.

ఇక సీతమ్మధారలో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?

డిసెంబరు లోపు అడిగితే, పసుపు పూలకి ఇప్పుడే వెళ్ళండి, చేలో దిగితే రైతుకి డబ్బులిచ్చి గట్టు మీదే నిలబడండి అని చెప్పండి. మార్చిలో అడిగితే, తెల్ల పూత ఉంది, కానీ తేదీ నేను చెప్పలేను, వాన చెప్తుంది అనండి. అనంతగిరిలోనో అరకులోనో తెలిసినవాళ్ళకి, హోటలు వాళ్ళకైనా సరే, ఫోను చేసి గట్టి వాన ఏ రోజు పడిందో అడగమనండి. ఆ రోజు నుంచి తొమ్మిది లెక్కపెట్టమనండి. ఆదివారమే కావాలంటే కుదరదు, మంగళవారమైనా సెలవు పెట్టాలి. రాత్రే బయల్దేరి శృంగవరపుకోట దాటి, తెల్లారేసరికి ఘాట్ ఎక్కేస్తే మంచిది. పొద్దున్న పూట గాలిలో వాసన నిలబడి ఉంటుంది, ఎండెక్కాక తగ్గిపోతుంది. కారు అద్దం దించమనండి, చాలామంది ఏసీ వేసుకుని ఆ వాసన తెలీకుండానే దాటిపోతారు. తోటలోకి వెళ్ళాలంటే తోట మనిషిని అడిగి వెళ్ళాలి. కొమ్మ ఊపకూడదు.

మన రైతులు ఎవరైనా వెళ్తే మాత్రం పూలతో సరిపెట్టుకోకండి. ఆ వాలు మీద నీడ ఎంత ఉంచారో, సిల్వర్ ఓక్ కొమ్మలు ఎప్పుడు కొట్టారో, మిరియం పాదు ఏ వైపు పాకించారో చూసి రండి. పూత రోజుల్లో రైతు తోటలోనే ఉంటాడు, మాట్లాడడానికి దొరుకుతాడు. నవంబరులో వెళ్తే పండు ఏరే తొందరలో తల ఎత్తడు.